పసిఫిక్ దీవుల్లో ఊరు దేని మీద నిలబడుతుంది?

కిరిబాస్ దేశంలోని తరావా దీవిలో బావి తవ్వితే రెండు మూడు మీటర్లకే మంచినీళ్లు పడతాయి. అక్కడితో ఆపేయాలి. ఆశపడి ఇంకా లోతుకు పోతే ఉప్పునీళ్లు తగులుతాయి. మోటారు పెట్టి గంటల తరబడి తోడినా అదే గతి. అక్కడికి రెండు వేల కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఫిజీ పెద్ద దీవి వీతి లేవులో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ 1,324 మీటర్ల టొమానివి శిఖరం మేఘాలను అడ్డుకుంటుంది. రేవా నది ఏడాది పొడవునా పారుతుంది, వరదొస్తే ఊళ్లను ముంచుతుంది కూడా. రెండూ ఉష్ణమండల పసిఫిక్ దీవులే, ప్రపంచ పటంలో రెండూ చుక్కలే. ఆ రెండు చోట్లా బతుకు మాత్రం ఒక్కటి కాదు.

బయటివాళ్లు ఈ దీవులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. కొబ్బరి చెట్లు, తెల్లటి ఇసుక, టెన్షన్ ఎరుగని జనం. ఈమధ్య దానికి ఇంకో బొమ్మ తోడైంది: మునిగిపోతున్న దీవులు. మొదటి బొమ్మ టూరిజం కంపెనీలది, రెండోది టీవీ వార్తలది. రెండింట్లోనూ ఊరు కనపడదు. అక్కడి ఊరు నేల ఎత్తు మీద, పడే వాన మీద, ఆ నేల ఎవరిదన్న లెక్క మీద నిలబడుతుంది. ఎత్తు గురించీ వాన గురించీ చాలామందే రాస్తారు. ఆ మూడోది వదిలేస్తే మిగతా రెండూ సగమే అర్థమవుతాయి.

కొండ దీవి, పగడపు దీవి

భూగోళం ఉపరితలంలో దాదాపు మూడో వంతు పసిఫిక్ మహాసముద్రమే. అందులోని దీవుల్లో చాలావాటికి పుట్టుక అగ్నిపర్వతమే. సముద్రం అడుగు నుంచి లావా పేరుకుంటూ నీటి పైకి లేచి కొండవుతుంది. సమోవాలోని సవాయి దీవిలో ఈ పని ఇంకా పూర్తి కాలేదు. 1905 నుంచి 1911 దాకా అక్కడ మతవాను పర్వతం కక్కిన లావా ఊళ్లను కప్పేసి సముద్రం దాకా పారింది. ఆ నల్లటి రాతి మైదానం మీద మొక్కలు ఇప్పటికీ పలచగానే ఉంటాయి.

కొండ చల్లారాక కథ తిరగబడుతుంది. లక్షల ఏళ్ల మీద అది తన బరువుకు మెల్లగా కుంగుతుంది. దాని చుట్టూ లోతు తక్కువ నీళ్లలో పగడపు జీవులు గట్టు కడుతూ ఉంటాయి. కొండ కుంగే కొద్దీ పగడాలు వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉంటాయి. చివరికి కొండ నీళ్లలోకి పోయి, పగడపు గట్టు ఒక్కటే వలయంలా మిగులుతుంది. మధ్యలో ఉన్న నీటిని లగూన్ అంటారు, మొత్తం వలయాన్ని అటోల్ అంటారు. ఈ సంగతిని చార్లెస్ డార్విన్ 1842లో ఊహగా చెప్పాడు. నిజమో కాదో తేల్చడానికి 1896-98 మధ్య లండన్ రాయల్ సొసైటీ తువాలు అనే చిన్న దీవుల దేశంలోని ఫునాఫుతి అటోల్‌లో బోరు వేయించింది. దాదాపు 340 మీటర్లు దిగినా పగడపు సున్నపురాయే వచ్చింది, అగ్నిపర్వత శిల తగల్లేదు. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్‌లో అమెరికా వాళ్లు అణుపరీక్షల సన్నాహాల్లో భాగంగా బోరు వేస్తే, 1,200 మీటర్లకు పైగా పగడం దాటాక నల్లరాయి దొరికింది. డార్విన్ ఊహ అలా రుజువైంది. అదే ఏడాది నవంబరులో అదే అటోల్‌లో హైడ్రోజన్ బాంబు పేల్చారు. ఒక దీవి వయసు తెలుసుకున్న చోటే ఆ దీవిలో ఒక ముక్కను ఆవిరి చేశారు. అక్కడి జనాన్ని అంతకు ముందే ఖాళీ చేయించారు. పసిఫిక్ చరిత్రలో ఊళ్లను ఇలా లేపి పంపించడం కొత్త కాదు, ఆ మాట తర్వాత మళ్లీ వస్తుంది.

అటోల్ మీద నేల అంటే పగడపు నలుసులు, గవ్వల పొడి, ఇసుక. సముద్ర మట్టానికి ఎత్తు మామూలుగా రెండు మూడు మీటర్లు. వెడల్పు కొన్ని వందల మీటర్లు. ఒకవైపు అలలు విరిగిపడే మహాసముద్రం, ఇంకోవైపు నిలకడగా ఉండే లగూన్. వాగులు, చెరువులు ఉండవు. పడిన వాన పడినట్టే ఇసుకలోకి ఇంకి, కింద రాతి సందుల్లో ఉన్న సముద్రపు నీటి మీద, కూర మీద నూనె తేలినట్టు, తేలుతుంది. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక కాబట్టి ఇది సాధ్యం. సిద్ధాంతం ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, కింద 40 మీటర్ల దాకా మంచినీరు ఉండాలి. ఆచరణలో ఆటుపోట్లు రోజూ కలిపేస్తుంటాయి కాబట్టి అందులో కొంతే దక్కుతుంది. దీవి సన్నగా ఉన్న చోట అసలు ఏమీ నిలవదు. అందుకే అటోల్‌లో వెడల్పు ఉన్న చోటే ఊరు. అక్కడ కూడా నీళ్లు కావాలంటే ఒకే బావిని లోతుగా తోడకుండా, చాలా చోట్ల పైపైన తోడుకోవాలి.

ఇక వాన. ఎల్‌నినో పేరు వింటే మన రైతుకు గుబులు. ఫిజీ రైతుకూ అంతే, అక్కడా ఆ ఏడాది కరువే. కిరిబాస్‌కు మాత్రం ఎల్‌నినో వస్తే వాన, దానికి వ్యతిరేకమైన లానినా వస్తే కరువు. 2022లో లానినా సాగుతున్నప్పుడు ఆ దేశం కరువు కారణంగా విపత్తు స్థితి ప్రకటించింది. భూమధ్యరేఖ దగ్గర వేడినీళ్లు ఎటు జరిగితే మేఘాలు అటు జరుగుతాయి, ఆ దీవుల తలరాత దాన్ని బట్టే ఉంటుంది.

గోతిలో పెరిగే పంట

పగడపు ఇసుకలో ఏం పండుతుంది? కొబ్బరి పండుతుంది, మొగలి జాతి చెట్లు బతుకుతాయి, వాన ఉన్న చోట సీమపనస కాస్తుంది. దుంప పంట కావాలంటే మాత్రం మనిషి నేలను తయారు చేసుకోవాలి. కిరిబాస్ వాళ్లు చేసింది అదే. బబాయ్ అని చేమ జాతిలోనే చాలా పెద్ద దుంప ఒకటి ఉంది. ఆకులు మనిషి ఎత్తు దాటి లేస్తాయి. దాని కోసం ఇసుకను, గట్టి పగడపు పొరను ఛేదించి, మంచినీళ్లు తగిలే దాకా వెడల్పాటి గొయ్యి తవ్వుతారు. ఇనుము లేని రోజుల్లో గవ్వ పనిముట్లతో, కర్రలతో తవ్విన గోతులు ఇవాళ్టికీ వాడుకలో ఉన్నాయి.

గోతి అడుగున బురదలో ఒక్కో మొక్క చుట్టూ ఆకులతో అల్లిన, అడుగు లేని బుట్ట పెడతారు. అందులో తరిగిన ఆకులు, నల్లమట్టి వేసి కుళ్లనిస్తారు. మొక్క పెరిగే కొద్దీ మళ్లీ బుట్ట, మళ్లీ ఆకు. ఏ ఆకు ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి అన్నది కుటుంబ రహస్యం, పక్కింటివాళ్లకు చెప్పరు. పగడపు నేలలో ఇనుము తక్కువ, ఆకులు పాలిపోతాయి. అందుకని తుప్పు పట్టిన డబ్బాలు గోతిలో పాతిపెట్టే అలవాటు కూడా ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు చూసి సబబే అన్న పద్ధతి అది. పెద్ద దుంప రావడానికి ఏళ్లు పడుతుంది. రోజువారీ తిండికి తీయరు, పెళ్లికో పండక్కో తీస్తారు. ఒక గొయ్యి విలువ ఆ దుంపల విలువ కాదు, తరాల చాకిరీ విలువ. ఒక్కసారి పోటు ఎక్కి అల గట్టు దాటి లోపలికి వస్తే, ఆ గొయ్యి కొన్నేళ్ల పాటు పనికిరాదు.

కొబ్బరి చెట్టును కాయ కోసమే చూడరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మగవాళ్లు చెట్టెక్కి విచ్చుకోని పూగెలను పలచగా చెక్కి కల్లు దించుతారు. పైన కూర్చుని పాడుకుంటారు, కింద వాళ్లకు పాట వినపడుతుంది. తాజా కల్లు తీపిగా ఉంటుంది, చిన్నపిల్లలకు కూడా పడతారు. పళ్లూ కూరలూ సరిగా దొరకని చోట విటమిన్ సి అందేది ఎక్కువగా దానితోనే. కాచితే నల్లటి పానకం అవుతుంది, నిల్వ ఉంటుంది. పులియబెడితే మత్తు. ఇప్పుడు ఓడల మీద వచ్చే బియ్యం, గోధుమపిండి, పంచదార రోజువారీ తిండిని ఆక్రమించాయి. దేశంలో షుగర్ వ్యాధి తీవ్రంగా ఉంది. దుంప, చేప, కొబ్బరి తిన్న జనం రెండు తరాల్లోనే డబ్బా తిండికి మారితే ఇంకేం జరుగుతుంది?

ఊరికి గుండెకాయ మనేయబా అనే పెద్ద పాక. గోడలుండవు. పగడపు రాతి స్తంభాలు, కొబ్బరి దూలాలు, మొగలి ఆకుల కప్పు. సంప్రదాయంగా కట్టిన చోట ఒక్క మేకు కూడా వాడరు, అంతా కొబ్బరి పీచు తాడు కట్లే. చూరు ఎంత కిందికి ఉంటుందంటే ఎవరైనా సరే తల వంచే లోపలికి రావాలి. లోపల ఒక్కో వంశానికి కూర్చునే చోటు ఖరారై ఉంటుంది. ఆ చోటు ఉన్నవాడు ఊరివాడు. తగవులు, చేపల వేట నియమాలు, అతిథి మర్యాదలు, అన్నీ పెద్దమనుషులు అక్కడే కూర్చుని తేలుస్తారు. భూమి కూడా అలాగే పంచుకున్నారు. కుటుంబానికి ఒక సన్నటి చీలిక, సముద్రపు ఒడ్డు నుంచి లగూన్ ఒడ్డు దాకా. ఎవరి వాటాలో చూసినా ఒక ముక్క గాలివైపు గట్టు, మధ్యలో నీళ్లున్న నేల, ఒక ముక్క లగూన్ రేవు ఉంటాయి. ఒకడికి మంచి నేల అంతా పోయి, ఇంకొకడికి ఇసుక మిగిలే పంపకం కాదు. సమోవా లాంటి కొండ దీవుల్లోనూ పాత ఊరి హద్దులు కొండ శిఖరం నుంచి పగడపు గట్టు దాకా ఇలాగే నిలువునా సాగుతాయి. అడవి, తోట, ఇల్లు, లగూన్ అన్నీ ఒకే ఊరి చేతిలో ఉంటాయి. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవులు ఒకే పద్ధతికి రావడం కాకతాళీయం అనుకోలేం. చిన్న దీవిలో ఏ ఒక్క నేలా ఏడాదంతా తిండి పెట్టదు.

ఫిజీ ఊరి లెక్క

ఫిజీలో 330కి పైగా దీవులున్నాయి, మనుషులుండేవి సుమారు 110. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు వీతి లేవును రెండు వాతావరణాలుగా చీలుస్తాయి. రాజధాని సువా వైపు ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, చిక్కటి పచ్చదనం, చేమ తోటలు. కొండ మరుగున ఉన్న నాందీ, లౌతోకా వైపు వాన బాగా తక్కువ. గడ్డి కొండలు, చెరకు పొలాలు కనిపిస్తాయి.

ఊళ్లో ఇళ్లు మధ్యలోని పచ్చిక మైదానం చుట్టూ దగ్గరదగ్గరగా ఉంటాయి. నవాలా లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప గడ్డి ఇళ్లు పోయి సిమెంటు దిమ్మెలు, రేకుల కప్పులు వచ్చాయి. మైదానానికి ఒక పక్క మెథడిస్టు చర్చి. తోటలు ఊరికి దూరంగా వాలు మీద ఉంటాయి, చేమ, కర్రపెండలం, పెండలం వేస్తారు. ఆడవాళ్లు పోటు తగ్గాక పగడపు తిన్నెల మీద వలలతో, చేతులతో చేపలూ గుల్లలూ పడతారు. ఊళ్లో టోపీ పెట్టుకుని నడవకూడదు, ఎవరి తలా తాకకూడదు.

కొత్తవాడు ఊళ్లోకి వస్తే యంగోనా వేళ్ల కట్ట తేవాలి. ఊరి పెద్ద ముందు దాన్ని పెట్టి, వచ్చిన పని చెప్పుకోవాలి. ఆయన తీసుకుంటే ఊరు ఒప్పుకున్నట్టు. తర్వాత ఆ వేళ్లు దంచి, చెక్క గిన్నెలో నీళ్లతో కలిపి, కొబ్బరి చిప్పతో వరస తప్పకుండా అందిస్తారు. చప్పట్లు కొట్టి తీసుకుంటారు, ఒక్క గుక్కలో తాగాలి. రంగు బురద నీళ్లలా, రుచి చేదుగా ఉంటుంది. నాలుక మొద్దుబారుతుంది, మనసు నెమ్మదిస్తుంది. యంగోనా మొక్క మిరియం, తమలపాకు కుటుంబంలోదే. మన దగ్గర ఆ కుటుంబపు ఆకు చేతిలో పెట్టి పిలుపూ ఒప్పందమూ జరిపినట్టే, అక్కడ వేరు పెట్టి జరుపుతారు. దీన్ని టూరిస్టుల కోసం మిగిల్చిన తంతు అనుకుంటే పొరపాటే. హద్దు దాటేవాడు ఎవరో, ఎందుకొచ్చాడో ఊరందరి ముందు నమోదయ్యే పద్ధతి అది.

ఆ హద్దే ఫిజీ ఊరికి ఆధారం. దేశంలో సుమారు 87 శాతం భూమి స్థానిక ఫిజీ వంశాలదే, దాన్ని అమ్మడానికి వీల్లేదు. హక్కు మనిషిది కాదు, మతంగలి అనే వంశ సమూహానిది. పిల్ల పుట్టగానే పేరు ఆ సమూహపు రిజిస్టర్‌లో ఎక్కుతుంది, అదే ఆ పిల్లకు పట్టా. 1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటిష్ వాళ్ల చేతికి పోయాక, మొదటి గవర్నర్లలో ఒకడైన ఆర్థర్ గోర్డన్ మిగిలిన భూమి అమ్మకాలను ఆపించాడు. 1940లో కౌలు వ్యవహారాలు చూడటానికి ప్రత్యేకంగా బోర్డు వచ్చింది. కౌలు డబ్బు గతంలో పెద్దలకు ఎక్కువ వాటా వెళ్లేది, 2011 నుంచి సభ్యులందరికీ సమానంగా పంచుతున్నారు. అప్పు పుట్టదు, పెట్టుబడి రాదు అని ఈ పద్ధతిని తప్పుపట్టే ఆర్థికవేత్తలు ఉన్నారు. ఆ మాటలో నిజముంది. కానీ హవాయిలో భూమి అమ్మకానికి వచ్చాక స్థానికుల చేతిలో ఎంత మిగిలిందో చూస్తే, ఫిజీ కట్టిన మూల్యం చిన్నదే అనాలి.

భూమి లాగే సముద్రానికీ హద్దులున్నాయి. తీరం నుంచి పగడపు గట్టు దాకా ఒక్కో సమూహానికి వేట హక్కు ఉన్న నీటి భాగాలు దేశమంతా నాలుగు వందలకు పైగా నమోదయ్యాయి. సముద్రపు అడుగు ప్రభుత్వానిది, చేప మీద హక్కు ఊరిది. పెద్ద చనిపోతే వంద రాత్రుల పాటు ఒక భాగంలో వేట మానేసే ఆచారం పూర్వం నుంచీ ఉంది. ఆ గడువు తీరాక పట్టిన చేపలతోనే కర్మ విందు జరుగుతుంది. ఈ ఆచారాన్నే పట్టుకుని 1997లో తైలెవు ప్రాంతంలోని ఉదునివనువా ఊరు ఒక పని చేసింది. అక్కడి బురద మేటల్లో దొరికే గుల్లలు తగ్గిపోయాయి. ఆడవాళ్లు రోజంతా తిరిగినా బుట్ట నిండేది కాదు. సముద్రపు గడ్డి పెరిగే 24 హెక్టార్ల మేటను వేటకు మూసేశారు. ఊరివాళ్లే లెక్కపెట్టడం నేర్చుకున్నారు. తాడు చాచి, దాని వెంబడి చదరపు చట్రం పెట్టి, అందులో గుల్లలు ఏరి, కొలిచి, రాసుకున్నారు. ఏడేళ్లలో మూసిన చోట గుల్లలు 13 రెట్లు, పక్కన వేటాడే చోట ఏడు రెట్లు పెరిగాయి. కాపలాకు పోలీసులు లేరు, అధికారుల ఒత్తిడి లేదు. మూసే అధికారం ఊరికి ముందే ఉంది కాబట్టి అది సాధ్యమైంది. తర్వాత దేశంలో వందలాది ఊళ్లు ఇదే దారి పట్టాయి.

అయితే ఈ వ్యవస్థలో అందరికీ అన్నీ బాగున్నాయని చెప్పలేం. బంధువు అడిగితే లేదనకూడదన్న నియమం ఒకటుంది. అది కష్టంలో ఉన్నవాడిని ఆదుకుంటుంది, ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకున్నవాడిని మాత్రం దివాళా తీయిస్తుంది. చర్చి చందాలు, పెళ్లి ఖర్చులు, చావు ఖర్చులు నగరంలో జీతం చేసేవాళ్ల మీద పడతాయి. సముద్రంలో ఎక్కువ పని చేసేది ఆడవాళ్లే అయినా, దాని గురించి నిర్ణయించే సభలో వాళ్ల మాట ఆలస్యంగా వినపడింది.

ఊరు లేని పల్లె

ఈ హద్దుల లెక్కలో చోటు దొరకని వాళ్ల కథ తెలుగువాళ్లకు దగ్గరది. 1879 మే 14న మొదటి ఓడ లియోనిదాస్ వచ్చింది. అప్పటినుంచి 1916 దాకా 60 వేలకు పైగా భారతీయులను చెరకు తోటల కూలికి ఫిజీ తెచ్చారు. ఐదేళ్ల ఒప్పందం, దాన్ని వాళ్లు గిర్మిట్ అన్నారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా పంపడం మొదలైంది. అలా వెళ్లిన సుమారు 15 వేల మందిలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. 1926లో నాందీలో పుట్టిన దక్షిణ భారతీయుల సంగం బడులూ గుళ్లూ నడిపింది, ఇవాళ్టికీ నడుపుతోంది. ఇళ్లలో తెలుగు మాత్రం చాలావరకు ఫిజీ హిందీకి దారి ఇచ్చింది.

గిర్మిట్ తీరాక వాళ్లకు దొరికింది కౌలు భూమి. 1920ల నుంచి చక్కెర కంపెనీ తన ఎస్టేట్లను సుమారు పదేసి ఎకరాల కమతాలుగా కోసి కౌలుకిచ్చింది. ఎవరి పొలంలో వాళ్ల ఇల్లు. పక్కింటికి పోవాలంటే చెరకు గట్ల మీద నడవాలి. ఆంధ్ర దేశంలో వాళ్లు వదిలి వచ్చింది గుడి, చెరువు, రచ్చబండ చుట్టూ అల్లుకున్న ఊరిని. ఫిజీలో వాళ్లకు దక్కింది ఊరంటూ లేని పల్లె. కలిపి ఉంచింది చెరకు కోసే ముఠా, బడి, గుడి, రామాయణ మండలి. ఒక కొండకు ఇటువైపు ఒత్తుగా అల్లుకున్న ఫిజీ ఊరు, అటువైపు విడివిడిగా ఉన్న కౌలు ఇళ్లు. ఆ తేడాకు మూలం సంస్కృతి కంటే ఎక్కువగా భూమి చట్టమే.

1976 వ్యవసాయ కౌలు చట్టం కింద ఇచ్చిన 30 ఏళ్ల కౌళ్లు, అంతకు ముందువి, 1997 నుంచి ఒక్కొక్కటిగా ముగియసాగాయి. చాలావాటిని పొడిగించలేదు. మూడు తరాలు దున్నిన నేల వదిలి వేల కుటుంబాలు సువా, నౌసోరి చుట్టుపక్కల గుడిసెల్లోకి చేరాయి. చదువున్నవాళ్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దారి పట్టారు. స్థానికుల భూమిని కాపాడిన అదే చట్టం, ఆ భూమిని పండించినవాళ్లకు పాతుకునే చోటు లేకుండా చేసింది. ఒక వైపే చూసి తీర్పు చెప్పేవాళ్లు ఈ రెండింట్లో ఏదో ఒకదాన్ని దాచేస్తారు.

సముద్రపు అంచుకు ఊరు ఎప్పుడొచ్చింది?

పోస్టుకార్డులో ఊరు అనాదిగా ఒడ్డునే ఉన్నట్టు కనపడుతుంది. ఫిజీలో పాత ఊళ్లు చాలావరకు కొండల మీద ఉండేవి, చుట్టూ కందకాలు తవ్వుకుని. వంశాల మధ్య యుద్ధాలు ఉండేవి కాబట్టి ఎత్తు రక్ష. 19వ శతాబ్దంలో మిషనరీలు, తర్వాత వలస ప్రభుత్వం వాళ్లను ఒడ్డుకు దింపారు. చర్చికి దగ్గర, ఎండుకొబ్బరి కొనే ఓడకు దగ్గర, పన్ను వసూలుకు దగ్గర. కిరిబాస్‌లో కూడా అంతే. విడివిడిగా ఉన్న వంశాల వాడలను రోడ్డు వెంబడి వరసగా పేర్చింది బ్రిటిష్ అధికారులే. ఇవాళ ముంపు అంచున ఉన్న ఊళ్లలో కొన్నింటిని అక్కడ పెట్టింది వందేళ్ల కిందటి ఆఫీసు ఉత్తర్వు. వాతావరణ మార్పు చర్చల్లో ఈ సంగతి తగినంతగా వినపడదు.

కరువునూ తుఫానునూ తట్టుకునే పాత ఏర్పాట్లు కూడా అదే కాలంలో సన్నబడ్డాయి. సీమపనసను ఆకులు పరిచిన గోతుల్లో పాతి పులియబెట్టి నెలల తరబడి నిల్వ చేసేవారు. అడవి పెండలం ఎక్కడ దొరుకుతుందో ప్రతి ఇంటికీ తెలిసేది. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను ఫిజీని తాకింది. 44 మంది చనిపోయారు, కోరో దీవిలో ఊళ్లు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత చాలా ఊళ్లు బతికింది నేలలో మిగిలిన దుంపల మీద, సహాయపు బియ్యం మీద.

మునిగిపోవడం అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. 1971 నుంచి 2014 దాకా తువాలులోని 101 దీవుల ఫొటోలను పోల్చిన పరిశోధకులకు, మొత్తం నేల 2.9 శాతం పెరిగినట్టు తేలింది. అలలు పగడపు నలుసులను తెచ్చి పోస్తూ ఉంటాయి, దీవులు జరుగుతూ ఆకారం మార్చుకుంటాయి. దీన్ని చూపించి ప్రమాదం లేదనేవాళ్లూ ఉన్నారు. అది అన్యాయం. నేల విస్తీర్ణం పెరిగినా బావి ఉప్పవుతుంది, బబాయ్ గొయ్యి చస్తుంది. దీవి నీళ్లలో కలిసిపోవడానికి చాలా ముందే అక్కడ ఊరు బతకలేని రోజు వస్తుంది. కొలవాల్సింది ఎకరాలను కాదు, బావిలో ఉప్పును.

అందుకే ఊళ్లను తరలించే పని మొదలైంది. ఫిజీలోని వనువా లేవు దీవిలో వునిదోంగొలోవా ఊరు సముద్రపు గోడలు కట్టి చూసింది, అవి కూలాయి. 2014లో సుమారు 150 మంది రెండు కిలోమీటర్లు లోపలికి, ఎత్తు మీదికి జరిగారు. కొత్త ఇళ్లకు కలప ఊరివాళ్లే ఇచ్చారు. రోడ్డు దగ్గరైంది, పిల్లలకు బడి దగ్గరైంది. అయితే కట్టిన ఇళ్లలో వంటగదులు లేవు, చర్చి మొదటి విడతలో రాలేదు. ఊరంటే ఏమిటో ప్లాను గీసినవాళ్లకు తెలియలేదన్నమాట. అయినా ఆ తరలింపు నిలబడింది. కారణం ఒక్కటే, వాళ్లు ఎక్కింది తమ మతంగలి కొండనే. హక్కు మారలేదు, చేపలు పట్టే నీళ్లు మారలేదు. తరలించాల్సినవిగా ఫిజీ ప్రభుత్వం గుర్తించిన ఊళ్లు నలభైకి పైగా ఉన్నాయి. వాటిలో సొంత ఎత్తు నేల లేని ఊరు వేరే వంశం నేల అడగాలి. అది ఇల్లు కట్టడం కంటే కష్టమైన పని.

అసలు ఎత్తే లేని కిరిబాస్ 2014లో వనువా లేవులో సుమారు 20 చదరపు కిలోమీటర్ల నతోవావతు ఎస్టేటు కొంది. వంశాల భూమి అమ్మకానికి ఉండదు కాబట్టి, దొరికింది చర్చి చేతిలో ఉన్న పాత ప్లాంటేషన్. అందులో నవియావియా అనే ఊరు ముందే ఉంది. ఒకప్పుడు తోట పనికి తెచ్చిన సొలొమన్ దీవుల కూలీల వారసులు వాళ్లు, వాళ్లకూ ఫిజీ వంశ రిజిస్టర్‌లో చోటు లేదు. కిరిబాస్‌లో తర్వాత వచ్చిన ప్రభుత్వం వలస మాట పక్కనపెట్టి, దాన్ని పంటల భూమిగా వాడాలనుకుంది.

ఇలాంటిది ఇంతకు ముందూ జరిగింది. ఇప్పటి కిరిబాస్‌లో భాగమైన బనాబా దీవిని ఫాస్ఫేట్ గనులు తవ్విపోశాయి. 1945 డిసెంబరులో బనాబా జనాన్ని ఫిజీలోని రంబి దీవికి తెచ్చి దింపారు. ఆ దీవి కొన్నది వాళ్ల ఫాస్ఫేట్ రాయల్టీ డబ్బుతోనే. అలవాటైన భూమధ్యరేఖ ఎండ నుంచి వచ్చినవాళ్లు, తుఫాను కాలంలో గుడారాల కింద ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు వాళ్ల మనవలకు రంబి సొంత ఊరే, బనాబా మీద హక్కు కూడా వదులుకోలేదు.

తువాలు 2023లో రాజ్యాంగం సవరించి, సముద్రం ఎంత ముందుకొచ్చినా తమ దేశమూ, సముద్రపు హద్దులూ చెల్లుతాయని రాసుకుంది. అదే ఏడాది ఆస్ట్రేలియాతో ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం ఏటా 280 మంది అక్కడికి వెళ్లి స్థిరపడవచ్చు. 11 వేల మంది ఉన్న దేశానికి అది చిన్న సంఖ్య కాదు. దేశానికి సముద్రపు హద్దు నిలుస్తుందని చెప్పే చట్టం వచ్చింది కానీ, ఊరికి అలాంటిది ఇంకా రాలేదు. పరాయి వంశం కొండ ఎక్కిన ఊరికి ఒడ్డున ఏ నీళ్ల మీద హక్కు ఉంటుంది, అక్కడ పుట్టిన పిల్లల పేరు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది అన్నవి ఇళ్లు కట్టే ముందే వచ్చే ఊరూ, నేలిచ్చే వంశమూ కూర్చుని రాసుకోవాల్సిన సంగతులు. కౌలు గడువు తీరాక ఏం జరుగుతుందో ఫిజీ చెరకు రైతులు ఇప్పటికే చూశారు.